ఆట ఊరికే... అంగీకి రొక్కం!

మల్కాజిగిరి: కీసరగుట్ట శివరాత్రి జాతరకు పోయేవారందరికీ ఒక సంగతి తెలుసు. జాతరలో తిరగడానికి టిక్కెట్టు ఉండదు. రంగులరాట్నం ఎక్కితేనే డబ్బులు. సెల్‌ఫోన్లలో పిల్లలు ఆడుతున్న తుపాకుల ఆటలు కూడా ఈ జాతర లెక్కనే నడుస్తున్నాయి. తేడా అల్లా ఒక్కటే. రంగులరాట్నానికి తండ్రి తన జేబులోంచి తీసి ఇస్తాడు. ఫోన్‌లో అయితే డబ్బు ఎప్పుడు పోయిందీ ఆయనకు తెలియకనే పోవచ్చు.

ఉప్పల్, నాచారం వంటి చోట్ల ఒకప్పుడు కంప్యూటర్ ఆట ఆడాలంటే ఇంటర్నెట్ సెంటరుకు పోయి గంట లెక్కన రొక్కం కట్టవలసి వచ్చేది. జేబులో చిల్లర అయిపోతే ఆటా అయిపోయేది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి, మొదటి కొన్ని నెలలు ఇంటర్నెట్‌ను ఉచితంగా ఇచ్చింది. ఆ పోటీలో మిగతా కంపెనీలూ ధరలు తగ్గించక తప్పలేదు. దానితో ఆట మన ఇంట్లోకే నడిచి వచ్చింది.

పబ్జీ కథ చూస్తే ధర మహిమ తెలుస్తుంది. 2017లో అది కంప్యూటర్ ఆటగా వచ్చినప్పుడు మన దేశంలో వెల 999 రూపాయలు. కొన్నవాడే ఆడాలి. 2018లో అదే ఆట సెల్‌ఫోన్లలోకి ఉచితంగా వచ్చింది. ఇక ఊరూరా పిల్లల నోట అదే మాట! చివరకు 2022 జనవరిలో కంప్యూటర్ ఆటను కూడా ఉచితం చేశారు. కాగా, ఫోన్ ఆటను కేంద్ర ప్రభుత్వం 2020 సెప్టెంబరులో నిషేధించింది. కొరియాకు చెందిన క్రాఫ్టన్ కంపెనీ 2021 జూలైలో బీజీఎంఐ పేరుతో దానిని మళ్లీ తెచ్చింది. 2022 జూలైలో దీనికీ అడ్డు పడింది. 2023 మే నెలాఖరుకు తిరిగి వచ్చింది. ఇన్ని మలుపుల్లోనూ మారనిది ఒక్కటే. లోపలికి పోవడానికి పైసా అక్కరలేదు.

కంపెనీకి ఇంత ధర్మబుద్ధి ఎందుకని అడగవచ్చు. ఈ ఆటలో ఒక్కసారికి సుమారు 100 మంది దిగాలి. జనం లేని జాతరకు ఎవరు వస్తారు? డబ్బు కట్టని కుర్రవాడు కూడా కంపెనీకి పనికివస్తాడు. వాడు మైదానాన్ని నింపుతాడు, నలుగురు స్నేహితులను పిలుచుకు వస్తాడు. కొత్తగా చేరినవారికి ఎదురుగా కంప్యూటరే నడిపే బొమ్మ ఆటగాళ్లను కూడా దింపుతారు. వారిని కొట్టడం తేలిక. రెండు ఆటలు గెలిచినవాడు మూడోది ఆడకుండా ఉంటాడా?

బేరం ఆ తరువాత మొదలవుతుంది. ఆటగాడి బొమ్మకు కొత్త అంగీ, తుపాకికి రంగు, ఇవన్నీ కొనాలి. వీటితో తూటా బలం పెరగదు, దర్పం పెరుగుతుంది. కొనడానికి రూపాయలు చెల్లవు. ముందు రూపాయలిచ్చి ఆటలోని ‘యూసీ’ అనే నాణేలు తీసుకోవాలి. నాణేలు ఖర్చుపెట్టేవాడికి రూపాయల లెక్క గుర్తుండదు. కొన్ని అంగీలను పెట్టెల్లో దాచి అమ్ముతారు. ఏ పెట్టెలో ఏముందో తెరిచాకే తెలుస్తుంది. అంతా అదృష్టం. మనవాళ్లు ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడటం గురించి చెబుతారు. ఇక్కడ ఏనుగును ఊరికే ఇచ్చి, అంకుశానికి వెల కడుతున్నారు.

ఆ వెల ఎంత దాకా పోవచ్చు? బీజీఎంఐ మొదలైనప్పుడు 18 ఏళ్లలోపు వారికి రోజుకు 3 గంటల ఆట, 7,000 రూపాయల ఖర్చు అని హద్దు పెట్టారు. అదే 2021-22లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 245 రూపాయలు. అంటే పిల్లవాడికి ఒక్క రోజుకు పెట్టిన హద్దు, తల్లి 28 రోజుల కూలికి పైనే! హద్దును కంపెనీకి వదిలేస్తే ఇలాగే ఉంటుంది. మన ఇంటి హద్దు మనమే గీసుకోవాలి.

ఇక్కడ ఒక తికమక తొలగాలి. డబ్బు ఒడ్డి డబ్బు గెలిచే ఆన్‌లైన్ ఆటల సంగతి వేరు. వాటిని తెలంగాణ 2017లోనే నిషేధించింది. దేశమంతటికీ వర్తించేలా 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. అంగీలు అమ్మే ఆటలు ఆ నిషేధం కిందికి రావు. కనుక ఇక్కడ కాపలా పోలీసులది కాదు, తల్లిదండ్రులది.

చేయవలసింది కష్టమైన పని కాదు. ఫోన్‌లోని ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టుకోవాలి. యూపీఐ పిన్ పిల్లలకు చెప్పరాదు. పొరపాటున డబ్బు పోతే 48 గంటల్లోగా ప్లే స్టోర్‌లోనే వాపసు కోరవచ్చు. ఇస్తారన్న హామీ మాత్రం లేదు. ఆన్‌లైన్ మోసం జరిగితే 1930కి వెంటనే ఫోన్ చేయాలి.

అన్నిటికన్నా ముందు పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ ఆట ఒకసారి చూపించమనండి. ఏది ఊరికే, ఏది వెలకు అని వాడినే అడగండి. జాతరకు తీసుకుపోయిన రోజు చేతిలో ఎంత పెడతామో ముందే చెబుతాం కదా! ఫోన్ ఇచ్చిన రోజూ ఆ మాట చెప్పాలి.