లెక్కకు రాని ప్రమాదాలు

నల్లగొండ: హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి వెంట ఊరొక పక్క, పొలాలొక పక్క ఉన్న పల్లెలు ఎన్నో. పశువులను తోలుకుని, గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని రోడ్డు దాటడం రైతులకు రోజూ గండమే.

ప్రమాదకర స్థలాన్ని గుర్తించడానికి ప్రభుత్వానికి ఒక లెక్క ఉంది. జాతీయ రహదారిపై సుమారు 500 మీటర్ల మేర మూడేళ్లలో మరణాలు లేదా తీవ్ర గాయాలతో కూడిన ప్రమాదాలు 5 జరిగినా, 10 మంది మరణించినా అది ‘బ్లాక్ స్పాట్’. ఈ లెక్కకు ఆధారం పోలీసు రికార్డులే. పెద్దమనుషుల ముందు రాజీపడి కేసు లేకుండా వదిలేస్తే, కాలు విరిగినా ఆ ప్రమాదం జరగనట్టే!

క్షతగాత్రుని ఆస్పత్రికి చేర్చితే చిక్కుల్లో పడతామన్న భయం కూడా అక్కరలేదు. అటువంటివారికి 2019 చట్ట సవరణ రక్షణ కల్పించింది.

మోటారు వాహనాల చట్టం 215వ సెక్షన్ కింద జిల్లా రోడ్డు భద్రతా కమిటీలు ఏర్పడ్డాయి. అధ్యక్షులు కలెక్టరే. ప్రమాదాల తేదీలు, కేసుల నంబర్లు జతచేసి పంచాయతీ తీర్మానం పంపితే దీపాలు, హెచ్చరిక బోర్డులు, సర్వీసు రోడ్డు, అండర్‌పాస్ కోసం గట్టిగా అడగవచ్చు. నోటిమాటకు లేని బలం కాగితానికి ఉంటుంది.