రంగుల నెగెటివుపై గోదావరి సీమ

కోనసీమలో కాలువ గట్టు వెంబడి పోవు రోడ్డును ఛాయాచిత్రము తీయబూనిన వానికి ఒక చిక్కు ఎదురగును. ఒక ప్రక్క ఎండలో మిలమిలలాడు నీరు, మరొక ప్రక్క కొబ్బరిచెట్ల నీడ. నీటికి సరిపడు వెలుతురు నిచ్చినచో నీడ నల్లబడును. నీడకు సరిపడునట్లిచ్చినచో నీరు తెల్లబారును. రంగుల నెగెటివు ఫిల్ము ఈ చిక్కును చాలవరకు తీర్చగలదు. ఎట్లో చూతము.

ఈ ఫిల్ములో వెండి హేలైడు స్ఫటికములను జిలటినులో కలిపి పూసిన పొరలు ముఖ్యముగా మూడు కలవు. పై పొర నీలికాంతిని, నడిమిది ఆకుపచ్చను, అడుగుది ఎరుపును గ్రహించును. డెవలపరు, కాంతి సోకిన స్ఫటికములను వెండిగా మార్చుచు, తాను ఆక్సీకరణము చెంది, పొరలోని 'కప్లరు' అను పదార్థముతో కలిసి రంగునిచ్చును. నీలి పొరలో పసుపు, ఆకుపచ్చ పొరలో మెజెంటా, ఎరుపు పొరలో సయాన్ ఏర్పడును. పిమ్మట వెండిని తొలగింతురు. రంగులు మాత్రము మిగులును. అందుచేతనే పచ్చని వరిచేను నెగెటివుపై మెజెంటా ఛాయలో కనిపించును. 1972లో కోడక్ సంస్థ ప్రవేశపెట్టిన సి-41 పద్ధతిలో డెవలపరు వేడిమి 37.8 డిగ్రీల సెంటిగ్రేడు, కాలము 3 నిమిషముల 15 సెకండ్లు. వేసవిలో రాజమండ్రిలో ఈ వేడిమి తెచ్చుట కష్టము కాదు. దానిని దాటనీయకుండుటయే కష్టము!

నెగెటివంతయు నారింజ రంగులో ఉండుటేల? మెజెంటా రంగు ఆకుపచ్చ కాంతిని మాత్రమే ఆపవలెను గాని, కొంత నీలికాంతిని కూడ మ్రింగును. ఈ దోషమును సవరించుటకు ఆ పొరలోని కప్లరునే పసుపుగా తయారుచేసిరి. మెజెంటా ఏర్పడినచోట ఆ పసుపు హరించును, ఏర్పడనిచోట నిలుచును. ఫలితముగా నీలికాంతికి కలుగు నష్టము ఫిల్మంతట సమానమగును. సమానమైన నష్టమును అచ్చు తీయునపుడు ఫిల్టరులతో సులభముగా సరిచేయవచ్చును. సయాన్ పొరలో ఎర్రని కప్లరు ఇట్లే పనిచేయును. ఈ పసుపు, ఎరుపు కలిసినదే నారింజ. లోపమును అంతటికిని పంచి, దానిని లోపము కాకుండ చేసిన ఈ యుక్తి మెచ్చదగినది.

ఇక కాలువ గట్టు విషయము. 200 వేగముగల ఫిల్మునకు నిండు ఎండలో ఎఫ్ 16 ద్వారము, సెకండులో 250వ వంతు కాలము సరిపోవును. నీడ కూడ చిత్రములో ఉన్నపుడు ఎఫ్ 8 పెట్టవలెను. అనగా నాలుగింతల కాంతి. ఎండలోని నీరు నెగెటివుపై మరికొంత దట్టమగునే గాని, దానిలోని వివరములు అంతగా చెడవు. కాంతి చాలనిచోట మాత్రము రంగు ఏర్పడదు. లేనిదానిని అచ్చులో రప్పింపలేము. స్లైడు ఫిల్ము సంగతి దీనికి తలక్రిందులు.

వాన వెలసిన తరువాత తారు రోడ్డు తెల్లగా మెరయును. లంబమునకు సుమారు 53 డిగ్రీల కోణములో నీటిపై పడి పరావర్తనము చెందిన కాంతి ధ్రువితమగును గనుక, పోలరైజింగు ఫిల్టరును త్రిప్పి ఆ మెరుపును తగ్గింపవచ్చును. మెరుపు పూర్తిగా పోయిన రోడ్డు తడిసినట్లే కనిపించదు. కొంత ఉంచుటయే మేలని నా అభిప్రాయము.

ఈ చిత్రములకు మరొక విలువ కలదు. రాజమహేంద్రవరమున 1900లో వాడుకలోనికి వచ్చిన హేవలాకు వంతెనపై 1997లో రైళ్లు ఆగిపోయినవి. దానిపై రైలు పోవు దృశ్యమును నేడు క్రొత్తగా తీయలేము. పాత ఫిల్ములలో వెదకవలసినదే. కాని వేడి, తేమ గల గదిలో ఈ రంగులు, చీకటిలో ఉంచినను, క్రమముగా వెలియును. మూడును ఒకే తీరున వెలియవు గనుక అచ్చులో వర్ణములు తారుమారగును. జిలటినుపై బూజు పట్టును. మన డెల్టాలో వేడికిని తేమకును కొదువ లేదు గదా! కావున నెగెటివులను కాగితపు కవర్లలో పెట్టి, సిలికా జెల్ సంచితో పాటు గాలి చొరని డబ్బాలో, ఇంటిలో చల్లని చోట ఉంచవలెను. నీలిరంగు సిలికా జెల్ తేమను పీల్చి గులాబిరంగుకు మారినపుడు, దానిని వేడిచేసి మరల వాడుకొనవచ్చును.