రాయి ఒకటే, నేలను బట్టి నియమం

అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రంలో, హోల్‌బ్రూక్ ఊరి దగ్గరి ఎడారిలో దుంగలు చెల్లాచెదురుగా పడి ఉంటాయి. కణుపులూ పోగులూ చూసి చెక్కే అనుకుంటాం. తట్టి చూస్తే రాయి. వాటి వయసు 20 కోట్ల ఏళ్ల పైమాటే.

అప్పట్లో అక్కడ నదులు పారేవి. కొట్టుకొచ్చిన చెట్లు ఒండ్రులోనూ అగ్నిపర్వతాల బూడిదలోనూ త్వరగా కూరుకుపోయాయి. గాలి సోకక కుళ్లడం మందగించింది. బూడిదలోని సిలికా నీటిలో కరిగి, చెక్క కణాల్లోకి ఇంకి, అక్కడే క్వార్ట్జ్‌గా గట్టిపడింది. ఎరుపు, పసుపు రంగులు ఇనుము వల్ల వచ్చినవి. నలుపు మాంగనీసుది. క్వార్ట్జ్ గట్టిదే కానీ పెళుసు. అందుకే పెద్ద దుంగలు రంపంతో కోసినట్టు అడ్డంగా విరిగి ఉంటాయి.

ఇలాంటి రాళ్లు అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో చాలాచోట్ల దొరుకుతాయి. వాన కోతకు గురైన మట్టిదిబ్బల అడుగున, ఎండిన వాగుల్లో కంకర మధ్య వెతకాలి. ముక్కను తడిపితే రంగులు తేలతాయి. చాకు మొనతో గీసినా గీత పడదు. అయితే మామూలు క్వార్ట్జ్ మీదా గీత పడదు కాబట్టి, పోగులు, వలయాలు, కణుపులే అసలు ఆనవాళ్లు.

దొరికింది తెచ్చుకోవచ్చా? అది మీరు నిలబడ్డ నేల ఎవరిదన్న దాన్ని బట్టి ఉంటుంది. 1962లో వచ్చిన చట్టం ప్రకారం, బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ చూసే ప్రభుత్వ భూముల్లో సొంతానికి ఉచితంగా ఏరుకోవచ్చు. ఒక మనిషికి రోజుకు 25 పౌండ్లు, అంటే సుమారు 11 కిలోలు, దానిపైన మరొక్క ముక్క. ఏడాది మొత్తానికి 250 పౌండ్లు దాటకూడదు. అంతకన్నా బరువైన దుంగ కోసం నలుగురూ తమ వాటాలు కలుపుకోవడం కుదరదు. యంత్రాలు, పేలుడు పదార్థాలు వాడకూడదు. వ్యాపారులకు అమ్మకూడదు. ఆ భూముల్లోనూ కొన్నిచోట్ల నిషేధాలుంటాయి. ఇంకొన్ని చోట్ల గని హక్కులు వేరొకరివై ఉంటాయి. అందుకే ముందుగా స్థానిక కార్యాలయంలో అడగాలి.

జాతీయ పార్కుల్లో మాత్రం చిన్న పెచ్చు కూడా తీయకూడదు. హోల్‌బ్రూక్ దగ్గరి ఆ రాతి దుంగల ప్రాంతానికి 1906లోనే రక్షణ లభించింది. అది పెట్రిఫైడ్ ఫారెస్ట్ జాతీయ పార్కు అయింది కూడా 1962లోనే. ఆదివాసీ తెగల భూముల్లో, ప్రైవేటు భూముల్లో వాటి యజమానుల అనుమతి లేనిదే ఏదీ ముట్టకూడదు. గ్రాండ్ కెన్యన్ చూడబోయి అటు వెళ్లే మనవాళ్లు జ్ఞాపకంగా ఒక ముక్క కావాలనుకుంటే, పార్కు బయటి దుకాణాల్లో ప్రైవేటు భూముల నుంచి తీసినవి కొనుక్కోవచ్చు.

పార్కు నుంచి రాయి తీసుకెళ్లి, తర్వాత మనసు ఒప్పక క్షమాపణ ఉత్తరంతో తిప్పి పంపినవాళ్లు ఎందరో. కానీ ఆ రాళ్లు మళ్లీ తమ చోటికి చేరవు. ఏది ఏ పొరలోదో తెలియకుండా నేల మీద వేస్తే, రేపు పరిశోధకులు తప్పుదారి పడతారు. అందుకని సిబ్బంది వాటిని విడిగా కుప్ప పోస్తారు. ఏ చోటిదో తెలియని రాయి అందంగానే ఉంటుంది, కానీ ఆ చోటి చరిత్రకు సాక్ష్యంగా పనికిరాదు.