అంకెలూ – గెలుపూ

యువ క్రీడాకారుని ప్రగతిని అతని అంకెలతో కొలవాలా, జట్టు గెలుపుతో కొలవాలా? హైదరాబాదుకు చెందిన వి.వి.ఎస్. లక్ష్మణ్ ఆట దీనికి సమాధానం చెబుతుంది.

2000 జనవరిలో సిడ్నీ టెస్టు రెండవ ఇన్నింగ్స్‌లో భారతజట్టు ఆస్ట్రేలియాపై చేసిన 261 పరుగులలో 167 అతనివే. అయినా జట్టు ఓడింది. 2001 మార్చిలో కోల్‌కతాలో అదే ప్రత్యర్థిపై ఫాలోఆన్ ఆడుతూ అతడు 281 పరుగులు చేశాడు. జట్టు 171 పరుగుల తేడాతో గెలిచింది. అక్కడ ద్రావిడ్ చేసిన 180 పరుగులు, హర్భజన్ తీసిన 13 వికెట్లు తోడయ్యాయి. సిడ్నీలో అటువంటి తోడు కరవైంది.

1889లో బొగ్గు తవ్వకం మొదలైన ఇల్లందులో ఏ ఒక్కరి శ్రమతోనూ బొగ్గు గనిపైకి రాలేదు. గెలుపూ అంతే. ఓటమిని చూసి 167ను తక్కువ చేయరాదు. 281ని చూసి తోడివారిని మరవరాదు. ఎటువంటి స్థితిలో ఎంత నిబ్బరంగా ఆడాడన్నదే సరైన కొలమానం.