తూటాలు తిన్న బోర్డు

అమెరికాలో రోడ్డు పక్కన చరిత్ర బోర్డులు కొల్లలు. కారు ఆపి నాలుగు ముక్కలు చదువుకుని వెళ్లిపోతారు. మిసిసిపీ రాష్ట్రం టాలహాచీ కౌంటీలో మాత్రం ఒక బోర్డును పదేపదే నిలబెట్టాల్సి వచ్చింది.

1955 ఆగస్టులో షికాగో నుంచి బంధువుల ఇంటికి వచ్చిన 14 ఏళ్ల నల్లజాతి కుర్రాడు ఎమెట్ టిల్. దుకాణంలో తెల్లజాతి స్త్రీతో మర్యాద తప్పాడన్న ఆరోపణతో అర్ధరాత్రి ఎత్తుకుపోయి చంపేశారు. శవం టాలహాచీ నదిలో దొరికింది. సమ్నర్ కోర్టులో అందరూ తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ గంటా ఏడు నిమిషాల్లో నిందితులిద్దరినీ నిర్దోషులని తేల్చింది. మరుసటి ఏడాది వాళ్లే డబ్బు పుచ్చుకుని, తామే చంపామని ఒక పత్రికకు చెప్పారు!

ఆ తర్వాత ఊరు నోరు మెదపలేదు. 2007లో గానీ కౌంటీ తరఫున క్షమాపణ రాలేదు. 2008లో శవం దొరికిన చోటని చెప్పే గ్రాబాల్ లాండింగ్ రేవు దగ్గర ఊదారంగు బోర్డు పెట్టారు. అదే ఏడాది ఎవరో పీక్కుపోయారు. రెండోదానికి 317 తూటా రంధ్రాలు పడ్డాయి. అక్షరాలు కూడబలుక్కుని చదవాలి. 2018లో పెట్టిన మూడోది 35 రోజులకే తూటాలు తింది. రాతలో ఉన్న కథకన్నా ఆ రంధ్రాలే ఎక్కువ చెప్పాయనిపిస్తుంది.

2019లో తూటాలకు చెక్కుచెదరని ఉక్కు బోర్డు వచ్చింది. బరువు రెండు క్వింటాళ్ల పైమాటే. 317 రంధ్రాల పాత బోర్డును 2021లో వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉన్నదున్నట్టుగా ప్రదర్శనకు పెట్టారు.