మాంసం మీది, ఎముకలు మావి

పిల్లవాణ్ణి తొలిసారి మక్తబ్‌లో చేర్పించే తండ్రి ఉస్తాద్‌తో 'గోష్త్ ఆప్ కా, హడ్డియాఁ హమారీ' అనడం మన ఇళ్లలో పాత ఆనవాయితీ. మాంసం మీది, ఎముకలు మావి అని అర్థం. ఎముక విరగనంత వరకు ఎంతైనా దండించండని అనుమతి అన్నమాట. నమ్మకంతో అనే మాటే అది. కాని ఆ అనుమతిని చూసుకుని బెత్తం ఎత్తే ఉపాధ్యాయునికి, ఎదురు తిరిగిన విద్యార్థిని దారికి తెచ్చే నేర్పు ఎన్నటికీ అలవడదు.

అసలు మొండితనమని మనం పేరు పెట్టేదంతా మొండితనం కాదు. మహబూబాబాద్ జిల్లాలో 2016లో మండల కేంద్రమైన పెద్దవంగర వంటి ఊళ్లలో, ఉర్దూ మాట్లాడే ఇంటి కుర్రవాడు తెలుగు బడిలో కూర్చుంటాడు. సార్ అడిగితే 'హౌ' అంటాడు, ఇస్తే 'నక్కో' అంటాడు. దక్కనీలో అవి అవును, వద్దు అనే మామూలు మాటలు. 'నువ్వే చెప్పినవ్ గద సార్' అనడం కూడా తెలంగాణ పల్లెలో చనువే గాని అమర్యాద కాదు. కొత్తగా బదిలీపై వచ్చిన మాస్టారుకు మాత్రం ఒళ్లు మండుతుంది. ఇక పత్తి ఏరే రోజుల్లో వారాల తరబడి చేనుకు పోయి వచ్చినవాడికి లెక్కలు అంతుపట్టవు. నలుగురిలో 'రాదు' అని ఒప్పుకోవడం కంటే 'చెయ్యను' అనడమే వాడికి తేలిక. మన చెవికి ఆ రెండో మాటే వినబడుతుంది.

నిజమైన ధిక్కారం లేదని మేము అనడం లేదు. పదమూడు, పద్నాలుగేళ్ల కుర్రవాడు పుస్తకం తియ్యమంటే తియ్యడు, పైగా నవ్వుతాడు. ఆ క్షణంలో వాడి చూపు మన మీద ఉండదు, వెనుక బెంచీల మీద ఉంటుంది. అక్కడ చిన్నబోవడం వాడు భరించలేడు. మనం గొంతు పెంచితే వాడూ పెంచుతాడు. ఇన్నేళ్లలో మాకు పనికివచ్చిన ఉపాయం ఒకటే. 'నీ పుస్తకం తియ్యి, లేదంటే పక్కవాడి పుస్తకంలో చూడు' అని మెల్లగా చెప్పి, ఆ బెంచీ దాటి పాఠంలోకి వెళ్లిపోవాలి. జవాబు కోసం ఎదురుగా నిలబడరాదు. తరచుగా కాసేపటికి పుస్తకం దానంతటదే బయటికి వస్తుంది. రాకపోతే గంట కొట్టాక ఒంటరిగా మాట్లాడాలి. మరొక పిల్లవాణ్ణి కొట్టడం, ఆడపిల్లలను ఏడిపించడం వేరు. వాటిని ఆ క్షణమే ఆపాలి.

హజ్రత్ ముఆవియా బిన్ హకమ్ (రజి) ఉదంతం సహీహ్ ముస్లింలో ఉంది. ఆయన తెలియక నమాజు మధ్యలో మాట్లాడారు. చుట్టూ ఉన్నవారు గుర్రుగా చూశారు, తొడలు చరిచారు. మహాప్రవక్త (స) నమాజు ముగిసేదాకా ఆగి, తిట్టకుండా, కొట్టకుండా విషయం బోధపరిచారు. అంతకంటే మంచి బోధకుణ్ణి తాను చూడలేదని ఆయనే చెప్పుకున్నారు.

ఇబ్న్ ఖల్దూన్ 1377లో రాసిన 'ముఖద్దిమా'లో ఈ సంగతిపై ఒక అధ్యాయమే ఉంది. కఠినంగా పెంచిన పిల్లవాడు ఉత్సాహం కోల్పోతాడని, దెబ్బలకు జడిసి అబద్ధం, కపటం నేర్చుకుంటాడని, చివరకు అదే స్వభావమైపోతుందని ఆయన వాదన. ఆయన దండనను పూర్తిగా కాదనలేదన్న మాటా చెప్పాలి. తప్పనిసరైతే మూడు దెబ్బలు మించరాదన్న ఒక పూర్వ పండితుని అభిప్రాయాన్ని ఉదహరించారు.

2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఆ మూడింటికీ తావివ్వలేదు. అందులోని 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. అయితే ప్రధానంగా మతవిద్య బోధించే మదరసాలకు, వేదపాఠశాలలకు ఆ చట్టం వర్తించదని 2012 సవరణ చెబుతోంది. దీన్ని బెత్తానికి దొరికిన మినహాయింపుగా తలచే మౌల్వీ సాహెబులు మనలో లేకపోలేదు. చట్టం వదిలిన చోట ఆ పిల్లవాడికి మన మనస్సాక్షి తప్ప వేరే అండ లేదని వారికి మనవి చేస్తున్నాం.

ఇంకొక మాట. కోపం చల్లారకముందే తండ్రికి కబురు పంపకండి. కూలి పని నుంచి అలసి వచ్చిన మనిషి ఆ ఫిర్యాదు విని ఏం చేస్తాడో అందరికీ తెలిసిందే. మరునాడు బెంచీ ఖాళీగా ఉంటుంది, కొన్నాళ్లకు ఆ కుర్రవాడు ఏ మెకానిక్ షాపులోనో కనిపిస్తాడు. ఇంటికి చేరే మొదటి కబురు ఫిర్యాదు కాకూడదు. జూన్‌లో బడి తెరిచిన కొత్తలోనే ఒక సాయంత్రం వెళ్లి, వాడు బాగా చేసే పని ఏదో ఒకటి వాళ్ల అమ్మకు చెప్పి రండి.