పదిన్నర గంటల దూరంలో కొత్త కాపురం

డాలస్‌లో వేసవి మధ్యాహ్నం రెండయితే విజయవాడలో అర్ధరాత్రి దాటి అరగంట. పొద్దున పదింటికి అమ్మతో మాట్లాడొచ్చు, అక్కడ రాత్రి భోజనాల వేళ. రాత్రి తొమ్మిదింటికి మళ్లీ మాట్లాడొచ్చు, అక్కడ కాఫీల వేళ. ఆ రెంటికీ మధ్య పరుచుకుని ఉండే మధ్యాహ్నమే, పెళ్లయి కొత్తగా అమెరికా వెళ్లిన అమ్మాయికి గడవదు. ఆయన ఆఫీసులో ఉంటాడు. కూరగాయల బండి రాదు. పక్కింటావిడ తోడు పెరుగు అడగడానికి రాదు. తలుపు కొట్టేది పార్శిల్ తెచ్చినవాడే, అతనూ గుమ్మంలో పెట్టి వెళ్లిపోతాడు.

అమెరికా సంబంధం రాగానే మన ఇళ్లలో జీతం అడుగుతాం, ఉండే ఊరు అడుగుతాం, సొంతిల్లు ఉందా అని అడుగుతాం. అమ్మాయి పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా అక్కడ ఏం చేస్తుందని అడిగే పెద్దవాళ్లు అరుదు. బీటెక్ చదివి, హైదరాబాద్‌లో నాలుగేళ్లు ఉద్యోగం చేసి, తన జీతంతో తమ్ముడి ఫీజు కట్టిన అమ్మాయి కూడా విమానం దిగేసరికి ‘డిపెండెంట్’ అవుతుంది. ఆమె ఒక్కతే గడప దాటి వెళ్లి, నాలుగు పనులు చక్కబెట్టుకుని రాగలిగిన రోజునే ఆ కాపురం కుదురుకున్నట్టని నేను గట్టిగా నమ్ముతాను.

పెళ్లికీ ప్రయాణానికీ మధ్య

అబ్బాయికి దొరికే సెలవు మూడు నాలుగు వారాలు. పెళ్లి, సత్యనారాయణ వ్రతం, మనుగుడుపులు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు... అన్నీ ఆ రోజుల్లోనే. ఉమ్మడి రాష్ట్రంలో 2002లోనే పెళ్లి నమోదు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. అయినా చాలా కుటుంబాలను ఆ ఆఫీసు మెట్లెక్కించేది అమెరికా వీసానే. మ్యారేజ్ సర్టిఫికెట్ లేకపోతే హెచ్1బీ ఉద్యోగి భార్యకు హెచ్4 వీసా కష్టం. 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో కాన్సులేట్ తెరిచేదాకా మనవాళ్లు ఇంటర్వ్యూకి చెన్నై వెళ్లేవాళ్లు. 2023 నుంచి అది నానక్‌రామ్‌గూడలో ఉంది. చిలుకూరు బాలాజీకి మొక్కుకుంటూ 11 ప్రదక్షిణలు, వీసా చేతికొచ్చాక 108 చేయడం ఈ ప్రయాణంలో ఎప్పుడో భాగమైపోయింది.

ఇప్పుడు నిరీక్షణ ఇంకా పెరిగింది. 2025 డిసెంబరు 15 నుంచి హెచ్1బీ, హెచ్4 దరఖాస్తుదారుల సోషల్ మీడియా ఖాతాలను కూడా పరిశీలిస్తున్నారు. దాంతో చాలామంది ఇంటర్వ్యూ తేదీలు నెలల తరబడి వెనక్కి వెళ్లాయి. తాళి కట్టినవాడు అక్కడ, కట్టించుకున్నది ఇక్కడ. ఆ నెలలన్నీ వీడియో కాల్స్‌లో గడుస్తాయి. గంటలకు గంటలు మాట్లాడుకుంటారు, ఒకరి గురించి ఒకరికి అన్నీ తెలిసిపోయాయనుకుంటారు. నిద్రపోయేటప్పుడు ఫ్యాన్ కావాలా వద్దా, తిన్న కంచం వెంటనే తీసే మనిషా, కోపం వస్తే అరుస్తాడా, నోరు మూసుకుని కూర్చుంటాడా... ఇవేవీ తెర మీద తెలియవు. అక్కడికి వెళ్లాకే తెలుస్తాయి. నచ్చజెప్పడానికి అత్తగారూ లేరు, సర్దిచెప్పడానికి పిన్నీ లేదు, అలిగి వెళ్లడానికి పుట్టిల్లూ లేదు. ఆ చిన్న ఫ్లాటులో ఇద్దరే.

పోపు పెడితే కూత

మా అక్క కూతురు అక్కడ కాపురం మొదలుపెట్టిన వారంలో పప్పులోకి తాలింపు వేసింది. పొయ్యి ఎలక్ట్రిక్‌ది, చుట్టలా కాయిల్ ఉండే రకం. అది వేడెక్కడానికి నిదానిస్తుంది, ఎర్రబడ్డాక తగ్గమంటే తగ్గదు. గ్యాస్ మీద చేయి తిరిగిన పిల్ల కనుక, ఆవాలు చిటపటమనగానే అలవాటుగా నాబ్ తగ్గించింది. కాయిల్ ఎర్రగా అలాగే ఉంది. ఎండుమిర్చి నల్లబడింది, ఇంగువ మాడింది, పొగను పసిగట్టడానికి సీలింగుకు బిగించిన తెల్లటి డబ్బా చెవులు చిల్లులు పడేలా కూయడం మొదలెట్టింది. ఎవరో పోలీసులు వస్తారనుకుని వణికిపోయిందట. అల్లుడు వీడియో కాల్‌లో కండువా ఊపమని చెబుతుంటే, ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో చున్నీ పట్టుకుని కుర్చీ ఎక్కి విసిరింది.

చాలా అపార్ట్‌మెంట్లలో పొయ్యి మీదుండే ఫ్యాన్ పొగను బయటికి పంపదు, జాలీలోంచి పీల్చి మళ్లీ గదిలోకే వదులుతుంది. అందుకే పాతకాపురస్తులు బాల్కనీ తలుపు తీశాకే తాలింపు మొదలెడతారు. ఆవాలు పేలగానే గిన్నెను పక్కకు దించి, నూనెలో మిగిలిన వేడికే మిర్చి, కరివేపాకు వేస్తారు. ఆ డబ్బా బ్యాటరీ తీసేసే పని మాత్రం ఎవరు చెప్పినా చేయకూడదు. చెక్కతో కట్టిన ఇళ్లలో నిద్రపోయేవాళ్ల ప్రాణాలు కాపాడేది అదే.

ఇక్కడి నుంచి మోసుకెళ్లిన మిక్సీ కూడా అక్కడ పనిచేయదు. మన కరెంటు 230 వోల్టులు, అక్కడిది 120. అమెరికా కోసమే చేసిన 110 వోల్టుల మిక్సీలు హైదరాబాద్‌లోనే దొరుకుతాయి, అడిగి కొనాలి. ఆవకాయ, కారప్పొళ్లు వెళ్తాయి. పెరట్లోంచి కోసిన కరివేపాకు మాత్రం ఎయిర్‌పోర్టులో ఆపేస్తారు. కరివేప నిమ్మ కుటుంబపు మొక్క. నారింజ తోటలను నాశనం చేసే తెగులును మోసే పురుగు దాని ఆకుల మీద కూడా బతుకుతుంది. ఈ సంగతి తెలియక అమ్మ కట్టిచ్చిన పొట్లం చెత్తబుట్టలో పడితే కళ్లనీళ్లు పెట్టుకున్న ఆడపిల్లలున్నారు.

స్టీరింగు ఎడమవైపు

ఇంట్లో అలవాటు పడటానికి వారాలు చాలు. బయటికి రావాలంటే కారు నడపాలి. న్యూయార్క్ లాంటి కొన్ని నగరాలు వదిలేస్తే, మనవాళ్లు ఎక్కువగా ఉండే ఫ్రిస్కోలోనో ఇర్వింగ్‌లోనో పాల డబ్బా కొనాలన్నా కారు తీయాల్సిందే. కారు రాకపోతే ప్రతి చిన్న పనికీ భర్త ఖాళీ అయ్యేదాకా ఎదురుచూడాలి. ఎదురుచూసీ చూసీ అడగడం మానేస్తుంది. మౌనం అక్కడే మొదలవుతుంది. అందుకే తొలి ఏడాదిలో దంపతులు కలిసి చేయాల్సిన మొదటి పని ఏదంటే డ్రైవింగ్ లైసెన్సు అంటాను. హనీమూన్ ట్రిప్పులు తరవాత.

ఇండియాలో నడిపినవాళ్లకూ అది కొత్త విద్యే. స్టీరింగు ఎడమవైపు, బండి కుడివైపు. మన మారుతిలో ఇండికేటర్ మీట స్టీరింగుకు కుడిపక్కన ఉంటుంది, అక్కడి కారులో ఎడమపక్కన. దాంతో మలుపు తిరగబోతూ చేయి అలవాటు కొద్దీ కుడి మీటను నొక్కుతుంది, చినుకు లేకుండానే వైపర్లు అద్దం మీద ఊగుతాయి. నాలుగు దారులూ కలిసే చోట నాలుగు వైపులా ‘స్టాప్’ బోర్డులుంటాయి. పోలీసు ఉండడు, సిగ్నల్ ఉండదు. చక్రం పూర్తిగా ఆగాలి. ముందొచ్చినవాళ్లు ముందు వెళ్లాలి. ఒకేసారి వస్తే కుడివైపు కారుకు దారివ్వాలి. పసుపుపచ్చ స్కూల్ బస్సు ఎర్రలైట్లు వేసి ఆగితే వెనకాల వచ్చేవాళ్లతో పాటు, మధ్యలో డివైడర్ లేని రోడ్డు మీద ఎదురొచ్చేవాళ్లూ ఆగాల్సిందే.

భర్త దగ్గర నేర్చుకుంటే గొడవలవుతాయని అనుభవమున్న ఆడవాళ్లంతా చెబుతారు. పక్క సీట్లో కూర్చున్నవాడు లేని బ్రేకును కాలితో తొక్కుతూ ఉంటే నడిపేవాళ్లకు చేతులు ఆడవు. డబ్బిచ్చి నేర్పించేవాళ్ల దగ్గర కొన్ని క్లాసులు తీసుకోవడం నయం. ఇంకో మాట. చాలా రాష్ట్రాల్లో లైసెన్సు గడువు, అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఐ-94 రికార్డులోని తేదీని బట్టే ఇస్తారు. పాస్‌పోర్టు గడువు దగ్గర పడి ఉంటే ఎయిర్‌పోర్టులో ఆ తేదీకే ఐ-94 కుదించేస్తారు. పెళ్లి కుదరగానే పాస్‌పోర్టు రెన్యూ చేయించుకుంటే ఆ చిక్కు ఉండదు.

ఆయన చెప్పని భయం

ఇంతవరకూ అమ్మాయి వైపు నుంచే చెప్పాను. అతని వైపూ చూడాలి. ఎంఎస్‌కి వెళ్లి, నలుగురు రూమ్మేట్లతో వంతులేసుకుని వండుకుని, అప్పు తీర్చి, లాటరీలో హెచ్1బీ దక్కించుకున్నవాడు. ఏటా 65,000 వీసాలు, అమెరికాలో మాస్టర్స్ చదివినవాళ్లకు మరో 20,000. పోటీ దానికి ఎన్నో రెట్లు. ఉద్యోగం పోతే కొత్త కంపెనీ దరఖాస్తు పెట్టడానికి అతనికి ఉండే గడువు ఎక్కువలో ఎక్కువ 60 రోజులు. ఆలోగా ఏ దారీ దొరక్కపోతే ఇద్దరూ పెట్టె సర్దుకోవాలి. టీమ్‌లో ఎవరినో తీసేసినప్పుడల్లా అతని కడుపులో రాయి పడుతుంది. కొత్త పెళ్లాం భయపడుతుందని నోరు విప్పడు. ఆమెకేమో, తనతో మాట్లాడటం లేదనిపిస్తుంది. ఇద్దరి గొడవా అంట్ల మీదో అత్తగారి ఫోను మీదో తేలుతుంది, అసలు సంగతి లోపలే ఉండిపోతుంది. వీసా తేదీలు, అప్పులు, ఇంటికి పంపే డబ్బు... ఇవన్నీ మొదటి నెలలోనే ఇద్దరూ కూర్చుని చెప్పుకోవాలి. ఎంత చేదుగా ఉన్నా సరే.

కాగితాల్లో ఆమె ఎక్కడ?

హెచ్4 మీద ఉన్నవాళ్లు చదువుకోవచ్చు, కారు నడపొచ్చు, బ్యాంకు ఖాతా తెరవొచ్చు. ఉద్యోగం మాత్రం చేయకూడదు. 2015 మే 26 నుంచి కొందరికి సడలింపు వచ్చింది. భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియలో కంపెనీ పెట్టే ఐ-140 అనే దరఖాస్తు ఆమోదం పొందితే, లేదా అదే ప్రక్రియ కారణంగా హెచ్1బీ ఆరేళ్లు దాటి పొడిగిస్తే, భార్య వర్క్ పర్మిట్ అడగొచ్చు. అలా తీసుకున్నవాళ్లలో 90 శాతానికి పైగా మన దేశంవాళ్లే, 90 శాతానికి పైగా ఆడవాళ్లే. ఆ పర్మిట్ రెన్యువల్ దరఖాస్తు పెండింగులో ఉండగా ఉద్యోగం చేసుకోనిచ్చే వెసులుబాటును 2025 అక్టోబరు 30 నుంచి తీసేశారు. కార్డు గడువు తీరి కొత్తది రాకపోతే ఆ రోజునుంచే ఇంట్లో కూర్చోవాలి.

కాబట్టి పెళ్లిచూపుల్లో అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఐ-140 అయిందా? కాకపోతే ఎన్నాళ్లు పట్టొచ్చు? అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటపడొద్దు. అమ్మాయి ఉద్యోగ జీవితం ఆ జవాబు మీద ఆధారపడి ఉంటుంది.

వర్క్ పర్మిట్ లేనివాళ్లకు సోషల్ సెక్యూరిటీ నంబరు రాదు. నీకు నంబరు రాదని ఆ ఆఫీసు ఇచ్చే లేఖనే కొన్ని రాష్ట్రాల్లో లైసెన్సు కోసం చూపించాలి. భార్యాభర్తలు కలిసి ట్యాక్స్ వేయడానికి ఆమెకు ఐటీఐఎన్ అనే వేరే నంబరు తీసుకోవాలి. వీటికి తిరగడం విసుగే. అయినా అపార్ట్‌మెంటు లీజులో ఆమె పేరు, బ్యాంకు ఖాతాలో ఆమె పేరు, ఆమె చేతిలో ఒక కార్డు ఉండాలి. కాఫీ తాగాలన్నా ఆయన్ని డబ్బులడిగే పరిస్థితి ఎంత మంచివాడి ఇంట్లోనైనా మనసును కుంగదీస్తుంది. హెల్త్ ఇన్సూరెన్సు విషయంలో ఆలస్యం అసలు కూడదు. పెళ్లయ్యాక ఆఫీసు పాలసీలో భార్యను చేర్చడానికి మామూలుగా ఇచ్చే గడువు 30 రోజులే. అది దాటితే వచ్చే ఎన్‌రోల్‌మెంట్ దాకా ఆగాలి, ఈలోగా పంటి నొప్పొచ్చినా జేబు ఖాళీ.

అందరికీ మంచివాళ్లే దొరకరు. పాస్‌పోర్టు దాచేసేవాళ్లు, ఫోను లాక్కునేవాళ్లు, ‘నా వీసా మీదే కదా ఉన్నావు’ అని బెదిరించేవాళ్లు ఉన్నారు. ఆ బెదిరింపు విని నోరు మూసుకోనక్కర్లేదు. హింసకు గురైన హెచ్4 భార్య సొంతంగా వర్క్ పర్మిట్ అడిగే వీలు అక్కడి చట్టంలో ఉంది. ప్రమాదంలో ఉంటే 911. మాట్లాడాలంటే జాతీయ గృహహింస హెల్ప్‌లైన్ 1-800-799-7233. దక్షిణాసియా ఆడవాళ్ల కోసమే న్యూజెర్సీలో 1985 నుంచి ‘మానవి’, న్యూయార్క్‌లో 1989 నుంచి ‘సఖి’ పనిచేస్తున్నాయి. ఇక్కడ ఢిల్లీలో జాతీయ మహిళా కమిషన్‌కు ఎన్‌ఆర్‌ఐ సెల్ ఉంది. కూతురు వెళ్లేముందు ఈ వివరాలు తల్లి కూడా రాసి పెట్టుకోవాలి.

తోడు దొరికే చోట్లు

పబ్లిక్ లైబ్రరీ కార్డుకు ఆ ఊళ్లో ఉంటున్నట్టు రుజువు చాలు, డబ్బు కట్టక్కర్లేదు. లైబ్రరీలో ఇంగ్లిష్ మాట్లాడే బృందాలుంటాయి, మధ్యాహ్నాలు అక్కడ బాగా గడుస్తాయి. బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వరుడి గుడిలో, ఎడిసన్ ఓక్ ట్రీ రోడ్డులో, డాలస్ బతుకమ్మ ఆటల్లో పరిచయాలు మొదలవుతాయి. అయితే శనివారం భోజనాలన్నీ భర్త స్నేహితుల ఇళ్లలోనే అయితే అవి అతని పరిచయాలే. ఆమెకంటూ ఒక స్నేహితురాలు కావాలి. ఆయన గురించి విసుక్కున్నా ఆయన దాకా చేర్చని మనిషి.

వచ్చే మాఘంలో పెళ్లి పెట్టుకున్నవాళ్లు ఇప్పుడే కాలేజీకి వెళ్లి, యూనివర్సిటీ నుంచి సీలు వేసిన ట్రాన్స్‌క్రిప్టులు రెండు మూడు సెట్లు తెచ్చుకోండి. అక్కడ చదవాలన్నా, రేపు పర్మిట్ వచ్చి ఉద్యోగం వెతుక్కోవాలన్నా మన డిగ్రీని అక్కడి లెక్కలో చూపించడానికి అవి అడుగుతారు. అమెరికా నుంచి జేఎన్‌టీయూకి ఫోన్లు చేసి తెప్పించుకోవడం నెలల పని, నాన్న సెలవు పెట్టుకుని తిరగాలి. పెట్టెలో ఊరగాయ సీసాలకు ఎటూ చోటు దొరుకుతుంది. ఆ కవర్లు, ఎక్స్‌పీరియెన్స్ లెటర్లు, మ్యారేజ్ సర్టిఫికెట్ మాత్రం చేతి సంచిలో పెట్టుకుని, పాస్‌పోర్టుతో పాటు అక్కడ కూడా ఆమె అలమరాలోనే ఉంచుకోవాలి.